రేపరు వెనక వాక్యం

రోజుకి నాలుగు వేల ఐసుపుల్లలు చాక్లెట్ తొట్టిలో ముంచి తీసే చేతులు నీవి. ఒక్క మాట అడుగుతాను, తల దించుకోకుండా జవాబు చెప్పు. ఆ పుల్లకి చుట్టే రేపరు వెనక ఏం రాసి ఉందో మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా నువ్వు ఎప్పుడైనా చదివావా?

నేను చదివాను. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి ఒక ప్రాణం మీదికి తెచ్చాను. రెండోసారి చదివాక బుద్ధి వచ్చింది. వచ్చిన బుద్ధి కూడా పూర్తిగా నిలవలేదు, అందుకే ఈ ఉత్తరం.

చిరంజీవి అబ్బాయికి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ‘ఇక్కడ మేమంతా క్షేమం’ అని చెయ్యి దానంతటదే రాయబోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ మాటతోనే ఉత్తరం మొదలుపెట్టిన చెయ్యి మరి. ‘క్షే’ దగ్గర పట్టుకుని ఆపాను. మా క్షేమం ఎంతో నువ్వే చివరిదాకా చదివి తేల్చుకో. నువ్వు మాత్రం బాగుండాలని రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద అడుగుతున్నాను. మోకాళ్ళు అరిగాయి గానీ అడగడం ఆపలేదు.

నీ ఉత్తరం అందింది. రెండేళ్ళ తర్వాత నా పేరున వచ్చిన ఉత్తరం. ‘నాన్నా’ అని మొదలుపెట్టావు. ఆ ఒక్క మాట దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఎనిమిది లైన్లు రాశావు, అందులో మూడు ప్రశ్నలు వేశావు. మూడింటికీ చెబుతాను.

పంపిన పెట్టె కరిగిపోకుండా చేరిందా అన్నావు. చేరింది. మీ ఫ్యాక్టరీ వ్యాను నడిపే పెద్దాయన గోనెపట్టాలో చుట్టి, పసిబిడ్డని దించినట్టు దించాడు. ఇరవై నాలుగు పుల్లలకి ఇరవై నాలుగూ గట్టిగానే ఉన్నాయి. మన ఇంట్లో ఫ్రిజ్ లేదని నీకు తెలుసు, నేనే వద్దన్నాను కాబట్టి. కింద వాటాలో ఉండే టైలరమ్మ తన ఫ్రిజ్‌లో పై అర మొత్తం మనకి ఖాళీ చేసి ఇచ్చింది. “మీ అబ్బాయి పెట్టె వచ్చిందంటే నా చేపలకి చోటు పోయిందన్నమాటే” అంటుంది, నవ్వుతూనే.

రెండో ప్రశ్న గుచ్చుకుంది. ‘అమ్మ తింటోందా, నువ్వు పారేస్తున్నావా?’ అని అడిగావు. అలా అడగడానికి నీకు హక్కుంది. నువ్వు మొదటిసారి తెచ్చిన పెట్టెని వీధిలో పెట్టింది నేనే కదా. నాలుకలకి సంకెళ్ళు పోతపోసే పని వదిలేస్తే తప్ప నా గడప తొక్కొద్దని అన్నది కూడా నేనే. నువ్వు తొక్కలేదు. మీ అమ్మని ఆసుపత్రిలో చేర్చిన రోజు కూడా వరండాలోనే ఆమెని చూసి, నన్ను చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయావు. పట్టుదలలో నా కొడుకువే.

అసలు సంగతి విను. వారం వారం మందిరంలో నేను చేసే ప్రసంగానికి ఏదో ఒక వస్తువు పట్టుకెళతానని నీకు గుర్తుందా? మాడిపోయిన బల్బు, తుప్పు పట్టిన తాళం, అరిగిన తూకపు గుండు, ఏది దొరికితే అది. జనానికి చెవి కంటే కన్ను చురుకు. వస్తువుని చేత్తో పైకెత్తి చూపిస్తే వాక్యం లోపలికి దిగుతుంది. ఆరు వారాల క్రితం ఆ వస్తువు మన ఇంట్లోనే దొరికింది. మీ అమ్మ దిండు మార్చబోతే కింద ఒక రేపరు, నాలుగు మడతలు పెట్టి ఉంది. నువ్వు వ్యాను పెద్దాయన చేత పంపించేవి టైలరమ్మ ఫ్రిజ్‌లో దాచుకుని, నేను కాటాలు బాగుచేయడానికి వెళ్ళాక తింటోందని అప్పుడు తెలిసింది.

వెనక్కి తిప్పి చదివాను. ఎనభై గ్రాముల పుల్లలో కొవ్వు పద్దెనిమిది గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు పదకొండు. చక్కెర ఇరవై గ్రాములు. లెక్క వేశాను, ఐదు చెంచాలు. నాకు మండితే ఏమవుతుందో నువ్వు ఎరుగుదువు. వారం తిరిగేసరికి ఆ రేపరు పట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. “ఐదు చెంచాల చక్కెర, పైన చాక్లెట్ పూత, పూతలో బాదం పలుకులు. సాతాను చేతిలో ఇంత చక్కగా చుట్టిన పొట్లం ఇంకొకటి లేదు” అన్నాను. “మన ఇళ్ళలోనే, మన దిండ్ల కిందే ఉంది” అని కూడా అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని ఏముంది? మీ అమ్మ రెండో వరసలో కూర్చుని ఉంది. తల మీద కొంగు ముందుకి లాక్కుంది. హాలు మొత్తానికి అర్థమైంది. నా గొంతు ఆ రోజు బాగా పలికిందని అనుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ రోజు నుంచి పదకొండు రోజులు మీ అమ్మ పుల్ల ముట్టుకోలేదు. జావ పెడితే రెండు గుటకలు. రొట్టె పాలలో నానబెట్టి ఇస్తే మూడో ముద్ద గొంతులో అడ్డం పడేది. అన్నవాహికలో గడ్డ కదా, కరెంటు వైద్యం పెట్టి దాన్ని చిన్నది చేశారు గానీ లోపలంతా కాలిన పుండులా ఉంది. చల్లగా కరిగి జారేది ఒక్కటే దిగుతోందని ఆమెకి తెలుసు. నాకు చెప్పలేదు. చెప్పే దారి నేను ఉంచలేదు.

తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ముప్పై అయిదు కిలోల ఎనిమిది వందలు ఉంది. పెద్ద డాక్టరు చీటీ మీద రాసి ఇచ్చాడు, ఆరు వారాల్లో ముప్పై ఎనిమిది దాటితేనే ఆపరేషన్, లేకపోతే ఒళ్ళు తట్టుకోదు, గడ్డ మళ్ళీ పెరుగుతుంది అని. అక్కడి నుంచి మమ్మల్ని ఆహారం సంగతి చూసే అమ్మాయి గదికి పంపించారు. నీకంటే చిన్నది.

“అమ్మా, మీకు ఏది గొంతు దిగుతోంది?” అని అడిగింది.

మీ అమ్మ నా వైపు చూసింది.

“ఆయన్ని చూడకండి, నాకు చెప్పండి.”

“ఐస్‌క్రీమ్ దిగేది. చాక్లెట్ ఉండే పుల్ల.”

“దిగేదా? మరి ఇప్పుడు?”

“మానేశానమ్మా.”

“ఎందుకని?”

“పాపమని” అంది మీ అమ్మ, చాలా మామూలుగా.

ఆ అమ్మాయి కలం కింద పెట్టి నా వైపు తిరిగింది. నేను ఊరుకుంటానా, ఐదు చెంచాల లెక్క అప్పజెప్పాను. మొత్తం వింది. “అయ్యగారూ, మీ లెక్కలో తప్పు లేదు. కానీ ఎవరికి ఏ లెక్క వర్తిస్తుందో చూడలేదు మీరు. ఆ అంకెలు చూసి భయపడాల్సింది మూడు పూటలా కడుపునిండా తిని కూర్చునే మనలాంటివాళ్ళు. ఈమె రక్తంలో చక్కెర జబ్బు లేదు, పరీక్ష చూశాను. ఈమె ఒళ్ళు తనని తానే తినేస్తోంది. మీరు కొవ్వు అని తిట్టినదే ఇప్పుడు ఈమెకి పొయ్యిలో కట్టె” అంది. రేపరు ఉందా అని అడిగింది. ఉంది, నా గ్రంథంలో గుర్తుగా పెట్టుకుని తిరుగుతున్నాను. తీసి ఇస్తే, నేను వదిలేసిన లైను మీద వేలు పెట్టింది. శక్తి, రెండు వందల అరవై ఆరు కేలరీలు. “ఈమె జావ రెండు గిన్నెలు తాగితే గానీ రాని బలం ఈ ఎనభై గ్రాముల్లో ఉంది. అయితే ఇదొక్కటే చాలదు. మాంసకృత్తులు నాలుగు గ్రాములే, అదీ పాలు, బాదం పుణ్యం. గుడ్డు, పాలు, ఏది దిగితే అది కూడా పెట్టండి. పుల్ల మాత్రం మాన్పించకండి.”

నాయనా, గ్రంథంలో ఒక దైవజనుడు ఉన్నాడు. అలిసిపోయి, ఇక చాలు ప్రాణం తీసుకో అని ఎడారిలో పొదకింద పడుకున్నవాడు. దూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు. తలాపున రొట్టె పెట్టి, లేచి తిను, నీ ముందున్న దారి చాలా దూరం అంది, అంతే. దాని మీద నేను ముప్పైసార్లు మాట్లాడి ఉంటాను. ముప్పైసార్లూ ఆ దైవజనుడి విశ్వాసం గురించే మాట్లాడాను. ఆ రొట్టె గురించి ఒక్కసారీ మాట్లాడలేదు.

ఆ వారం అదే రేపరు పట్టుకుని అదే మైకు ముందు నిలబడ్డాను. “దీన్ని నేను తప్పుగా చదివాను. నా ఇంటి మనిషిని మీ ముందు తలవంచుకునేలా చేశాను. తప్పు ఆమెది కాదు, చదివినవాడిది” అన్నాను. వెనక బెంచీ నుంచి రిటైరైన కండక్టరు లేచి, “అయ్యగారూ, అంతా బాగానే ఉంది గానీ ఆ పుల్ల ఏ షాపులో దొరుకుతుందో కూడా సెలవివ్వండి” అన్నాడు. మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికి వచ్చాక కూడా తలుచుకుని నవ్వింది.

బాదం పలుకులు ఆమె గొంతుకి గుచ్చుకుంటాయి. మొదట్లో చప్పరించి సాసరులో ఉమ్మేసేది. నాలుగు గ్రాముల మాంసకృత్తుల్లో సగం సాసరు పాలవుతోందని నాకు ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు పై పొర విరిచి, పలుకులు ఏరి, శుభ్రమైన గుడ్డలో మూటగట్టి, అరకిలో ఇత్తడి గుండుతో పిండి చేస్తాను. కరిగిన ఐస్‌క్రీమ్‌లో కలిపి చెంచాతో పెడతాను. “మీ గుండు ఇన్నాళ్ళకి ఒక మంచి పనికి వచ్చింది” అంటుంది మీ అమ్మ. “ఏ గుండు?” అంటే, “రెండూ” అంటుంది, నా బట్టతల చూసి.

ఇక్కడితో ఆపి ‘క్షేమం’ అని రాసేయవచ్చు. నీ మూడో ప్రశ్న ఆపనివ్వడం లేదు.

‘ఈ వారం అమ్మ బరువు ఎంత?’ అన్నావు. కిందటి మూడు వారాలూ వ్యాను పెద్దాయన చేత చీటీలు పంపించాను. ముప్పై ఆరు కిలోల ఆరు వందలు, తర్వాత ముప్పై ఏడు నాలుగు వందలు, మొన్న ముప్పై ఎనిమిది రెండు వందలు. దాటేసిందని చివరి చీటీలో గీత కూడా గీశాను.

ఆ మూడు అంకెలూ అబద్ధం.

నా పని నీకు కొత్త కాదు. కాటాని సరిచూశాక, గుండ్లు జరిగే దండె చివరి మర మళ్ళీ ఎవరూ తిప్పకుండా తీగ చుట్టి, దాని మీద సీసం బిళ్ళ నొక్కి ముద్ర వేస్తాను. ముద్ర విరవకుండా కాటాని మోసం చేయడం ఎవరి వల్లా కాదు. దొంగ తూకం దేవుడికి గిట్టదని నేను అరిచిన అరుపులకి ఈ వీధిలో కొట్లవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కాటాలు మోసుకొచ్చి సరిచేయించుకునేవాళ్ళు. ఆ చేత్తోనే మన ముందుగదిలో ఉన్న కాటా ముద్ర విరిచాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి వారం. రోజుకి రెండు పుల్లలు, గుడ్డు, పాలు, అన్నీ తిని ఆశగా కాటా ఎక్కింది. నూరు గ్రాములు పెరిగింది, అంతే. ఎంత అని అడగలేదు, నా ముఖం చూసింది. “ఒంటికి పట్టడం లేదండీ. ఊరికే ఎందుకు కష్టపడతారు, వదిలేయండి” అంది. ఆ మాట ఎంత మెల్లగా అందంటే, నేను గుమ్మం వైపు తిరిగి, “ఆగు, కాటా సరిగా కూర్చోలేదు” అని వంగి, మర తిప్పాను. దండె లేచింది. ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు కోసం రెండో వారం ఇంకాస్త తిప్పాను. మూడో వారం ఇంకాస్త.

జాలితో చేశానని నాకు నేను చెప్పుకున్నాను. జాలి ఎంత, పదకొండు రోజులు నేను చేసిన పాపం దండె మీద కనబడకుండా ఉండాలన్న భయం ఎంత, విడదీసి తూచే కాటా నా దగ్గర లేదు.

ఫలితం చూడు. ముప్పై ఎనిమిది దాటేశానని మీ అమ్మ నమ్మింది. మొన్నటి నుంచి పుల్ల సగం తిని పక్కకి నెట్టేస్తోంది. “గండం దాటిందిగా, ఎందుకు కుక్కుతారు” అంటోంది. ఈ పొద్దున ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు మర వెనక్కి తిప్పి, సున్నా సరిచూసి, కొత్త సీసం నొక్కాను. ఆమె నిజమైన బరువు నా లెక్కకి ముప్పై ఆరుకి కొంచెం పైన. ఆసుపత్రి గడువు ఇంకా పద్దెనిమిది రోజులు. అక్కడి కాటా మర నా చేతిలో లేదు.

ఇంతవరకూ రాసి కలం కింద పెట్టాను. మీ అమ్మ నిద్ర లేచింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

“రా, ఒకసారి కాటా ఎక్కు” అన్నాను.

“వారం కాలేదుగా” అంటూనే ఎక్కింది. గుండు ముప్పై ఎనిమిది దగ్గర పెట్టాను. దండె లేవలేదు. ముప్పై ఏడు. లేవలేదు. ముప్పై ఆరు దగ్గర కదిలింది, చిన్న గుండు మూడు వందల దగ్గర పెడితే నిలబడింది.

“కాటా పాడైందా?” అంది.

“బాగైంది” అన్నాను.

దండె వంక, కొత్త సీసం బిళ్ళ వంక చూసింది. ముప్పై రెండేళ్ళు కాటాల మధ్య కాపురం చేసిన మనిషి. “ఎన్నాళ్ళ నుంచి?” అంది.

“మూడు వారాలు.”

దిగి స్టూలు మీద కూర్చుంది. తిడుతుందని చూశాను. తిట్టలేదు. “రేపరు పట్టుకుని నలుగురిలో నన్ను నిలబెట్టినప్పుడు కూడా నాకు ఇంత కష్టంగా అనిపించలేదండీ. అప్పుడు మీకు నా మీద కోపం వచ్చింది. కోపమైతే ఓర్చుకుంటాను. చంటిపిల్లకి చెప్పినట్టు నాకు అబద్ధం చెప్పారు” అంది.

దండె మీది గుండ్లు రెండూ సున్నాకి జరిపాను.

“నేను సగం సగం వదిలేసినవి ఎన్ని?”

“ఆరు.”

“ఒకటి తీసుకురండి.”

టైలరమ్మ దగ్గరికి మెట్లు రెండేసి దిగి వెళ్ళాను. బాదం పిండి చేసి కలిపి ఇచ్చాను. ముప్పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు కళ్ళు మూసుకుని ఆగింది. చివరి చెంచా దాకా తింది. పుల్ల కూడా చప్పరించి నా చేతిలో పెట్టింది. అప్పుడు అంది: “వాడికి రాయండి. నేను తింటాను. మీరు పెట్టండి, మీ చేత్తోనే తింటాను. కానీ ఇక నా తూకం చూసేది మీరు కాదు. గుండు వాడు జరపాలి. వాడు ఎంతంటే అంత.”

నలభై ఏళ్ళుగా ఈ ఊరు నా ముద్ర చూసి సరుకు కొంటోంది. నా ఇంట్లో నా తూకం చెల్లదని తీర్పు వచ్చింది. తీర్పు న్యాయమైనది, నేను పైకోర్టుకి వెళ్ళను.

అందుకని ఇప్పుడు నీతో మాట్లాడుతున్నది బోధకుడు కాదు. నా గడప తొక్కొద్దన్న మాటని ఇవాళ విరిచేస్తున్నాను. ముద్ర విరిచిన చేత్తోనే విరుస్తున్నాను, ఈసారి విరవడంలో పాపం లేదు. నీ తొట్టి గురించి నేను అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నీ తొట్టిలో మునిగి వచ్చినదే మీ అమ్మ గొంతు దిగుతోంది. నా వాక్యం దిగలేదు.

లెక్క వేశాను, ఆ అమ్మాయి చెప్పినట్టే వేశాను. కిలో పెరగడానికి రోజువారీ తిండి పైన దాదాపు ఏడున్నర వేల కేలరీలు పడాలి. మనకి కావాల్సింది కిలో ఏడు వందలు, ఉన్నది పద్దెనిమిది రోజులు. రోజుకి అదనంగా ఏడు వందల చిల్లర. అంటే ఇప్పుడు తినేవాటి మీద ఇంకో మూడు పుల్లలకి కాస్త తక్కువ. కొండలా కనిపిస్తుంది, కానీ చెంచా చెంచాగా ఎక్కాల్సిన కొండ. ఒక్క రోజు పోయినా మిగతా రోజుల మెట్లు ఇంకా నిటారు అవుతాయి. ఆమెకి ప్రతి మెట్టు దగ్గరా నిజం చెప్పే కన్ను ఒకటి కావాలి.

వ్యాను పెద్దాయన కింద ఇంజను ఆపి కూర్చున్నాడు, ఈ ఉత్తరం కోసం. సాయంత్రం ఆరింటికి మీ గేటు దగ్గర నీ చేతికి ఇస్తానన్నాడు. పెట్టెలు ఎక్కించుకుని ఏడింటికి మళ్ళీ ఇటే వస్తున్నాడు. “ముందు సీటు ఖాళీయేనయ్యా, ఎక్కమనండి, దారంతా వాడికి నా సోది చెబుతాను” అన్నాడు. సెలవు చీటీ రాసి మేస్త్రీ చేతిలో పెట్టు. బట్టలు సర్దుకోవద్దు, నావి నీకు సరిపోతాయి. రేపు చూద్దాం అనుకోకు, రేపటి మీద నీకూ నాకూ హక్కు లేదు. చదవడం అయిపోయిందిగా? తొట్టి దగ్గరి గౌను విప్పు. లే. ఇవాళే వ్యాను ఎక్కు.

ఇట్లు,
గడప అవతల నీకోసం నిలబడి ఉన్న
మీ నాన్న